వేల దగ్గర ఆగే చదువులు

లక్షలు అప్పుచేసి పిల్లల్ని బ్రిటన్‌ పంపుతున్నాం. అక్కడికెళ్లాక చదువు తడబడేది మాత్రం చాలాసార్లు ఒక నెల అద్దె దగ్గరే. ఆ చిన్న గండం దాటించడానికి అక్కడి యూనివర్సిటీల్లో హార్డ్‌షిప్‌ ఫండ్‌ అనే ఏర్పాటు ఉంది. మన పిల్లలు దాని తలుపు తట్టడానికి ఎందుకు జంకుతారు? అడగాలంటే ఎలా అడగాలి?

సెప్టెంబర్‌ ఇన్‌టేక్‌లో వెళ్లినవాళ్లకు అసలు పరీక్ష జనవరిలో మొదలవుతుంది. క్రిస్మస్‌ గిరాకీ కోసం గోదాముల్లో, దుకాణాల్లో అదనంగా తీసుకున్నవాళ్లకు పండగ వెళ్లగానే షిఫ్టులు ఉండవు. చలికి హీటరు ఆపితే ఉండలేరు, వేస్తే బిల్లు కట్టలేరు. చాలాచోట్ల ఫీజు తర్వాతి వాయిదా కూడా ఆ రోజుల్లోనే వచ్చిపడుతుంది. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్‌. నాన్నకు స్టెంటు వేశారు, ఈ నెల పంపలేం. లేదంటే, పోయినేటి మిర్చి ఇంకా కోల్డ్‌స్టోరేజీలోనే ఉంది, ధర లేదు, కాస్త ఓపిక పట్టు నాయనా.

వాడు ఓపిక పడతాడు. ఇంటి ఓనరు పట్టడు.

లక్షల సంగతి మనకు బాగానే తెలుసు. ఫీజెంత, టికెట్టెంత, లోనుకు వడ్డీ ఎంత అని ఇంటిల్లిపాదీ కూర్చుని రాసుకుంటాం. ఏడాదికి 776 పౌండ్ల హెల్త్‌ సర్‌ఛార్జి కూడా ఆ కాగితం మీద ఉంటుంది. ఆ కాగితంలో లేనిది ఫిబ్రవరిలో తక్కువపడే మూడు వందల పౌండ్లు. అద్దె బాకీ పడితే రాత్రి షిఫ్టుల కోసం వెతుకులాట మొదలవుతుంది. షిఫ్టులు పెరిగితే పొద్దుటి క్లాసులు పోతాయి. హాజరు మరీ పడిపోతే వీసాకు పూచీ ఉన్న యూనివర్సిటీ ఆ సంగతి హోం ఆఫీసుకు చెప్పక తప్పదు. మూడు వందల పౌండ్ల లోటు ఇరవై, ముప్పై లక్షల చదువును ముంచేది ఈ దారిలోనే.

ఈ నిధి ఎక్కడిది?

చదువుకుంటున్న విద్యార్థికి అనుకోని డబ్బు ఇబ్బంది వస్తే యూనివర్సిటీ చేసే సాయమే హార్డ్‌షిప్‌ ఫండ్‌. ఎక్కువచోట్ల అది తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు. కొన్నిచోట్ల కొద్ది వారాల్లో తీర్చాల్సిన చేబదులు. మరీ అత్యవసరమైతే తిండి సరుకులకు వోచర్లు కూడా ఇస్తారు. స్కాలర్‌షిప్‌ లాగా మార్కులు చూడరు. అవసరం నిజమేనా, మీ చేతిలో ఉన్న దారులన్నీ చూసుకున్నారా అన్నదే చూస్తారు.

ఇది ఎవరి దయాగుణం వల్లో పుట్టలేదు. 1962 నుంచి బ్రిటన్‌లో అక్కడి పిల్లలకు ఫీజు ఉండేది కాదు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఖర్చులకు గ్రాంటు వచ్చేది. 1990లో ప్రభుత్వం గ్రాంటు పక్కన స్టూడెంట్‌ లోన్‌ ప్రవేశపెట్టి, విద్యార్థులకు అందే సంక్షేమ భత్యాలను చాలావరకు ఆపేసింది. ఆ దెబ్బ తట్టుకోలేనివాళ్ల కోసం అప్పుడే యాక్సెస్‌ ఫండ్స్‌ పేరుతో యూనివర్సిటీలకు కొంత డబ్బిచ్చింది. నేటి హార్డ్‌షిప్‌ ఫండ్లకు మూలం అదే. 1998లో ఏటా 1,000 పౌండ్ల ఫీజు వచ్చింది. 2012లో అది 9,000కు చేరింది. 2025-26లో ఇంగ్లండ్‌లో 9,535. పేద ఇళ్ల పిల్లలకిచ్చే మెయింటెనెన్స్‌ గ్రాంటును 2016లో కొత్తగా చేరేవాళ్లకు ఎత్తేశారు. ఖర్చులకిచ్చే లోను పూర్తిగా రావాలంటే ఇంటి ఆదాయం ఏడాదికి 25,000 పౌండ్లు దాటకూడదన్న గీత 2008 నుంచీ అక్కడే ఉంది. ధరలు పెరిగాయి, గీత కదల్లేదు.

అంటే అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకే చాలడం లేదు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం విడిగా ఇచ్చే యాక్సెస్‌ టు లెర్నింగ్‌ ఫండ్‌ 2014లో ఆగిపోయాక ఆ బరువు యూనివర్సిటీల మీద పడింది. కొవిడ్‌ కాలంలో మళ్లీ ప్రభుత్వం చేయి కలపాల్సి వచ్చింది. 2020 డిసెంబర్‌లో 2 కోట్ల పౌండ్లు, 2021 ఫిబ్రవరిలో మరో 5 కోట్ల పౌండ్లు హార్డ్‌షిప్‌ కోసం ప్రకటించింది. ధరలు మండిన 2023 జనవరిలో ఇంకో కోటిన్నర పౌండ్లు ఇచ్చింది. కష్టం వచ్చిన విద్యార్థి అడగడం అక్కడ వింత కాదు. అడుగుతారని తెలిసే ఫారాలు, అధికారులు, కమిటీలు పెట్టారు.

వీసా మీద ఆ మూడు మాటలు

మనవాళ్లను ఆపేది మొదట సిగ్గు, తర్వాత భయం. స్టూడెంట్‌ వీసా షరతుల్లో ‘నో పబ్లిక్‌ ఫండ్స్‌’ అని ఉంటుంది. దాన్ని చూసి, యూనివర్సిటీ దగ్గర పైసా తీసుకున్నా వీసా పోతుందని గదిలో ఒకరు అంటారు. ఆ మాట ఊరంతా పాకుతుంది.

వాస్తవం వేరు. ఇమిగ్రేషన్‌ నిబంధనల్లో పబ్లిక్‌ ఫండ్స్‌ అంటే ఏవేవో జాబితా ఉంది. యూనివర్సల్‌ క్రెడిట్‌, చైల్డ్‌ బెనిఫిట్‌, ప్రభుత్వ ఇళ్ల కేటాయింపు వంటివి అందులో ఉన్నాయి. యూనివర్సిటీ తన విద్యార్థికిచ్చే హార్డ్‌షిప్‌ గ్రాంటు ఆ జాబితాలో లేదు. తీసుకుంటే వీసా షరతు తప్పినట్టు కాదు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రతి యూనివర్సిటీలో ప్రతి నిధీ విదేశీ విద్యార్థులకు వర్తించదు. ప్రభుత్వ డబ్బుతో నడిచేవి, ముఖ్యంగా స్కాట్లండ్‌లోని డిస్క్రిషనరీ ఫండ్‌ లాంటివి, చాలావరకు స్థానికులకే. విదేశీ విద్యార్థుల కోసం చాలా యూనివర్సిటీలు విడిగా నిధి పెడతాయి, దానికి నియమాలు విడిగా ఉంటాయి. అందుకే వాట్సాప్‌ గ్రూపులో కాదు, యూనివర్సిటీలోని స్టూడెంట్‌ మనీ అడ్వైజర్‌నో, ఇంటర్నేషనల్‌ స్టూడెంట్‌ అడ్వైజర్‌నో అడగాలి. వాళ్లతో మాట్లాడడానికి మొహమాటమైతే స్టూడెంట్స్‌ యూనియన్‌ సలహా కేంద్రం ఉంటుంది. అది సాధారణంగా యూనివర్సిటీ యాజమాన్యంతో సంబంధం లేకుండా నడుస్తుంది.

చూపించిన డబ్బు ఏమైంది?

విదేశీ విద్యార్థిని కమిటీ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మీరు వచ్చేటప్పుడు మీ దగ్గర డబ్బుందని చూపించారు కదా, అదేమైంది?

2025 నవంబర్‌ నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం స్టూడెంట్‌ వీసాకు లండన్‌ బయటైతే నెలకు 1,171 పౌండ్లు, లండన్‌లో 1,529 పౌండ్లు, తొమ్మిది నెలల వరకు చూపాలి. అంటే లండన్‌ బయట 10,539 పౌండ్లు. పౌండు నూరు రూపాయలు ఎప్పుడో దాటింది కాబట్టి పదిన్నర లక్షల పైమాటే. ఇది ఫీజు బాకీకి అదనం. బ్యాంకులో ఆ మొత్తం వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి.

ఇక్కడే మన దగ్గర ఒక వ్యాపారం పుట్టింది. ‘ఫండ్స్‌ మేం చూపిస్తాం’ అనే మధ్యవర్తులు ఆ నెల రోజులకు డబ్బు వేసి, వడ్డీ తీసుకుని, వీసా రాగానే వెనక్కి లాక్కుంటారు. కాగితం మీద పదిన్నర లక్షలున్న కుర్రాడు జేబులో ఐదారు వందల పౌండ్లతో విమానం దిగుతాడు. అతనికి జనవరిలో వచ్చిన కష్టం అనుకోనిది కాదు, హైదరాబాద్‌ అమీర్‌పేటలోని మధ్యవర్తి దగ్గరే మొదలైంది. కమిటీ ముందు ఆ కథ చెప్పలేడు, చెప్పకపోతే లెక్క కుదరదు.

నిజంగా ఎడ్యుకేషన్‌ లోన్‌ చూపించి వెళ్లి, రెండో విడత బ్యాంకు ఆపేసిందనుకోండి. అది చెప్పదగ్గ కారణం, బ్యాంకు ఉత్తరం సాక్ష్యం. పంపుతానన్న తండ్రి మంచాన పడ్డా, ఇంటి దుకాణం మూతపడ్డా, మన రూపాయి పడిపోయినా అంతే. వచ్చిన రోజుకీ ఈ రోజుకీ మధ్య ఏం మారిందన్నదే వాళ్లకు కావాలి. అందుకే ఫండ్స్‌ చూపించే బేరానికి ఒప్పుకునే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఇదే. అది వీసా ఇప్పించొచ్చు. కానీ రేపు ఆపదలో పిల్లలు తట్టగలిగే ఆ ఒక్క తలుపునూ ముందే మూసేస్తుంది.

మూడు నెలల స్టేట్‌మెంటు చెప్పే కథ

దరఖాస్తులో అడిగేవి దాదాపు అన్నిచోట్లా ఒకటే. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి అద్దె ఒప్పందం, జీతం స్లిప్పులు, అప్పుల కాగితాలు, ఏం జరిగిందో చెప్పే ఒక ఉత్తరం. స్టేట్‌మెంట్లు అన్ని ఖాతాలవీ కావాలి. హై స్ట్రీట్‌ బ్యాంకు ఒక్కటే ఇచ్చి మోంజో, రెవల్యూట్‌ లాంటి యాప్‌ ఖాతాలు దాచిపెడితే, ఒక ఖాతా నుంచి ఇంకోదానికి డబ్బు వెళ్లిన గీత దగ్గర దొరికిపోతారు. ఇండియాలో ఉన్న ఖాతా కూడా లెక్కే.

తెలుగు పిల్లలు ఉండే ఇళ్లలో మామూలుగా జరిగేదొకటి ఇక్కడ చిక్కు తెస్తుంది. ఐదుగురు ఒక ఇంట్లో ఉంటారు. అద్దె ఒకడి ఖాతా నుంచే వెళ్తుంది. మిగతా నలుగురు నెలనెలా అతనికి పంపుతారు. సరుకులు కూడా అంతే. బయటివాళ్లు చూస్తే అతనికి నెలకు రెండు వేల పౌండ్ల ఆదాయం ఉన్నట్టు కనిపిస్తుంది. వివరణ రాయకపోతే దరఖాస్తు అక్కడే పక్కకు పోతుంది. ఏ పేరు నుంచి వచ్చింది అద్దె వాటా, ఏది చేబదులు, ఏది తిరిగి ఇచ్చింది అన్నది ఒక్కో గీత పక్కన రాసిస్తే అధికారి పని తేలికవుతుంది. మన పని కూడా.

పందేల యాప్‌లకు వెళ్లిన డబ్బు, క్రిప్టో, ఖరీదైన కొనుగోళ్లు కంటపడితే కమిటీ తప్పక అడుగుతుంది. దాచడం కన్నా ఒప్పుకోవడమే మంచిది. జూదం అలవాటుగా మారితే సాయపడే విభాగాలు కూడా యూనివర్సిటీలోనే ఉంటాయి. అబద్ధపు కాగితం పెడితే మాత్రం సాయం పోవడమే కాదు, క్రమశిక్షణ చర్య వస్తుంది. డిగ్రీ స్థాయి విద్యార్థి టర్మ్‌ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదన్న షరతూ ఈ స్టేట్‌మెంట్లలో తేలిపోతుంది. అది దాటినవాళ్లు దరఖాస్తు పెట్టేముందు స్టూడెంట్స్‌ యూనియన్‌ సలహాదారుతో మాట్లాడుకోవడం అవసరం.

ఏడుపు వద్దు, లెక్క కావాలి

ఉత్తరం రాయమంటే మనవాళ్లు రెండు రకాలుగా రాస్తారు. ఒకటి, కష్టాల చరిత్ర మొత్తం మూడు పేజీలు. రెండోది, ‘దయచేసి సాయం చేయండి, జీవితాంతం రుణపడి ఉంటాను’ అని మూడు లైన్లు. రెంటిలోనూ కమిటీకి కావాల్సింది లేదు. వాళ్లకు కావాల్సినవి నాలుగు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, దానివల్ల నెలకెంత తక్కువపడుతోంది, ఇప్పటిదాకా మీరేం ప్రయత్నించారు.

ఒక అమ్మాయి సంగతి ఊహించుకుందాం. లండన్‌ బయట ఉంటోంది. గది అద్దె బిల్లులతో కలిపి 480 పౌండ్లు, తిండికి 140, బస్సుకు 55, ఫోనుకు 10, చిల్లర ఖర్చులు 40. నెలకు మొత్తం 725. వారానికి 8 గంటలు కేఫ్‌లో పని. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కనీస వేతనం, గంటకు 12.21 పౌండ్ల చొప్పున లెక్కేస్తే నెలకు సుమారు 423. ఇంటి నుంచి 300. రెండూ కలిపి 723, ఇన్నాళ్లూ సర్దుకుంది. డిసెంబర్‌లో తండ్రికి ఆపరేషన్‌ జరిగింది, 300 ఆగింది. లోటు నెలకు 302 పౌండ్లు. ఆయన మళ్లీ పనిలోకి వెళ్లడానికి మూడు నెలలు పడుతుందని డాక్టర్‌ రాశారు. కావాల్సింది 906 పౌండ్లు.

ఇంతే ఉత్తరం. దానికి ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, బిల్లు, అంతకుముందు నెలల్లో ఇంటి నుంచి 300 వచ్చినట్టు చూపే స్టేట్‌మెంటు జతచేయాలి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్‌ అనువాదం పెట్టాలి. ఓనరుతో మాట్లాడి అద్దె గడువు అడిగాను, ఇంకో పార్ట్‌టైమ్‌కు దరఖాస్తు పెట్టాను అని రెండు వాక్యాలు చేర్చాలి. కమిటీ 906 ఇవ్వొచ్చు, అందులో కొంతే ఇవ్వొచ్చు. కాదంటే కారణం అడగొచ్చు, చాలాచోట్ల అప్పీలుకూ వీలుంటుంది. నిర్ణయానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఖాతా సున్నా అయ్యేదాకా ఆగడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

నైజీరియా విద్యార్థుల పాఠం

హార్డ్‌షిప్‌ ఫండ్‌ సాధారణంగా ట్యూషన్‌ ఫీజు కట్టదు. ఫీజు బాకీకి వేరే గది, వేరే మాట. అది ఎంత ముఖ్యమో 2024 మేలో టీసైడ్‌ యూనివర్సిటీలో బయటపడింది. 2023 జూన్‌లో నైజీరియా తన కరెన్సీ నైరా మారకం విలువ మీద కట్టుబాట్లు సడలించింది. ఏడాది తిరక్కుండానే డాలర్‌తో దాని విలువ మూడోవంతుకు పడిపోయింది. ఇంట్లో దాచిన సొమ్ము అదే, పౌండ్లలో మాత్రం మూడోవంతు. వాయిదాలు తప్పిన కొందరు నైజీరియా విద్యార్థులను కోర్సుల నుంచి తొలగించారు, దేశం విడిచి వెళ్లాలని నోటీసులు వచ్చాయి. క్యాంపస్‌లో వాళ్లు నిరసనకు దిగారు. వీసా స్పాన్సర్‌గా తమకున్న బాధ్యతల వల్ల తప్పలేదని యూనివర్సిటీ చెప్పింది.

రూపాయి అంతలా పడకపోవచ్చు. కానీ నేర్చుకోవాల్సింది ఒకటే. ఫీజు వాయిదా కష్టమనిపిస్తే గడువుకు ముందే ఫైనాన్స్‌ ఆఫీసుకు మెయిల్‌ పెట్టి కొత్త వాయిదాలు అడగాలి. గడువు దాటాక అదే మాటకు అంత విలువ ఉండదు.

మరి మన దగ్గర?

చదువుకు చేయందించడం మనకు కొత్త కాదు. వారాలు చేసుకుని చదివినవాళ్ల కథలు ప్రతి పాత ఇంట్లోనూ ఉన్నాయి. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం. టంగుటూరి ప్రకాశం చిన్నతనంలో తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్లు పెట్టి పిల్లల్ని పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీయకపోతే ఆయన చదువు సాగేది కాదు. ఆ కుర్రాడే 1904లో బారిస్టర్‌ చదువుకు ఇంగ్లండ్‌ వెళ్లాడు. ఆ సాయం గొప్పదే. కానీ దానికి ఎవరో ఒకరు ఎరిగి ఉండాలి. కులమో, ఊరో, బంధుత్వమో కలవాలి. ఎవరూ ఎరగని పిల్లవాడికి ద్వారం ఉండదు.

ఇప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ ఉంది. అది కోర్సు మొదట్లో, వర్గాన్ని, ఆదాయాన్ని బట్టి ఇచ్చేది. ఏడాది మధ్యలో పిడుగు పడితే ఎటు పోవాలో చెప్పదు. 2024లో ఉత్తరప్రదేశ్‌ కూలి కొడుకొకడు ధన్‌బాద్‌ ఐఐటీలో సీటు వచ్చి, 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక పోగొట్టుకున్నాడు. సీటు ఇవ్వమని ఆదేశించడానికి సుప్రీంకోర్టు 142వ అధికరణాన్ని వాడాల్సి వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 నవంబర్‌లో, ఢిల్లీలో చదువుతున్న షాద్‌నగర్‌ మోటార్‌ మెకానిక్‌ కూతురు, టాపర్‌, ప్రాణం తీసుకుంది. హాస్టల్‌, ల్యాప్‌టాప్‌, ఆగిపోయిన స్కాలర్‌షిప్‌ చుట్టూ తిరిగిన కష్టం అది. ఆ అమ్మాయికి కావాల్సినవి కోట్లు కావు.

పదిహేడు వేల కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా పోవాల్సి రావడం ఆ కుర్రాడి వైఫల్యం కాదు. క్యాంపస్‌లో ఒక కిటికీ, ఒక ఫారం, వారం రోజుల్లో నిర్ణయం చెప్పే ముగ్గురు మనుషులు ఉంటే తీరే పని అది. మన యూనివర్సిటీలకు ఇది తలకు మించిన భారం కాదు. పూర్వ విద్యార్థుల సంఘాలు సమావేశాలకు, సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లినా మొదలుపెట్టొచ్చు.

దరఖాస్తుకు ముందు

• కోర్సులో చేరిన మొదటి నెలలోనే యూనివర్సిటీకి హార్డ్‌షిప్‌ ఫండ్‌ ఉందా, విదేశీ విద్యార్థులకు వర్తిస్తుందా తెలుసుకోండి.

• ఖాతాలో ఇంకా ఆరు వారాల ఖర్చు మిగిలి ఉండగానే అడగండి. అద్దె బాకీ నోటీసు వచ్చేదాకా ఆగొద్దు.

• అన్ని ఖాతాల మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి, పెద్ద మొత్తాల పక్కన వివరణ రాసుకోండి.

• జరిగిన సంఘటనకు తేదీ, సాక్ష్యం, నెలవారీ లోటు ఒక్క పేజీలో రాయండి.

• ఫీజు బాకీని ఫైనాన్స్‌ ఆఫీసుతో విడిగా మాట్లాడండి.

• తిండికే ఇబ్బందైతే ముందు ఆ మాట చెప్పండి. సరుకుల వోచరుకు కమిటీ నిర్ణయం దాకా ఆగనక్కర్లేదు.

• చదువు కొన్నాళ్లు ఆపాలనుకుంటే వీసా సలహా తీసుకోకుండా సంతకం చేయకండి. చదువు ఆపితే సాధారణంగా వీసా కూడా కుదించుకుపోతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు డబ్బు కష్టం దాచేది మన మీద ప్రేమతోనే. తాకట్టులో ఉన్న పొలం, బ్యాంకులో ఉన్న అమ్మ గాజులు వాళ్లకు గుర్తుంటాయి. సాయం అడిగితే పరువు పోతుందని మనమే నేర్పి పంపితే, ముందు చదువు పోతుంది, తర్వాత పొలం పోతుంది. ఈ ఆదివారం ఫోన్‌ చేసినప్పుడు ‘తిన్నావా’ అని ఆగిపోకండి. ‘అద్దె కట్టావా, ఎంత తక్కువైంది, యూనివర్సిటీలో అడిగావా’ అని కూడా అడగండి.